కోయిలకుంట్ల శనగల మిల్లుకు కొన్న ప్రాసెసర్

2022 ఫిబ్రవరి. కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో శనగ కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కర్నూలులో మాది చిన్న సంస్థ. మిల్లులకూ, బండల పాలిష్ యూనిట్లకూ ఇండస్ట్రియల్ పీసీలు, అంటే యంత్రాలను నడిపించే కంప్యూటర్లు, సమకూరుస్తాం. ఇంట్లో కంప్యూటర్‌కూ వీటికీ తేడా ఏమిటని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఇంట్లో నీడ ఉంటుంది, దుమ్ము తక్కువ, చెడిపోతే నాలుగు రోజులు ఆగవచ్చు. మిల్లులో ఇవేవీ కుదరవు. అందుకే నా పనిలో సగం, ఏ చోటికి ఏ ప్రాసెసర్ సరిపోతుందో తేల్చడమే.

ఆ నెలలో శామ్యూల్ ఫోన్ చేశాడు. కోయిలకుంట్ల దగ్గర శనగలు శుభ్రం చేసే మిల్లు అతనిదీ, ప్రతాప్‌దీ. ఇద్దరూ నంద్యాల పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ప్రతాప్‌ది భూములున్న కుటుంబం. స్థలం, షెడ్డు వాళ్లవే. కొనుగోలుదారులతో మాట్లాడేది అతనే. శామ్యూల్ తండ్రి చిన్న రైతు, వాళ్ల ఊరి చర్చిలో సంఘపెద్ద. శామ్యూల్ హైదరాబాదులో యంత్రాలు బిగించే ఉద్యోగం మానుకుని, దాచుకున్నదంతా తెచ్చి ఈ మిల్లులో పెట్టాడు. యంత్రాల బాధ్యత పూర్తిగా అతనిది. ఎవరికి పరిచయం చేసినా ప్రతాప్ అతని భుజం మీద చెయ్యి వేసి "నా పార్టనర్" అనేవాడు. మా ప్రాంతంలో అలాంటి రెండు రకాల కుటుంబాల పిల్లలు కలిసి వ్యాపారం చేయడం తరచుగా కనిపించే విషయం కాదు. వాళ్లను చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

వాళ్ల మిల్లుకు ప్రాణం కలర్ సార్టర్. శనగలు ఒక పలక మీదుగా జారిపడుతుంటే కెమెరాలు గింజ గింజనూ చూస్తాయి. నల్లగింజో, మట్టిబెడ్డో, రాయో కనబడితే ఎజెక్టర్, అంటే సన్నటి గాలిగొట్టం, దాన్ని పక్కకు ఊదేస్తుంది. చూడటానికీ ఊదటానికీ మధ్య రెప్పపాటులో నిర్ణయం తీసుకునేది కంప్యూటర్. దాని బోర్డు కాలిపోయింది. అందులోని ప్రాసెసర్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, కొత్త పీసీయే పెట్టాలి.

దారులు రెండు. ఒకటి మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్. వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే; ఫ్యాన్ లేనిదే బతకదు. కొన్నేళ్లకే మార్కెట్‌లో కనబడకుండా పోతుంది. రెండోది అదే వరుసలో వచ్చే ఎంబెడెడ్ రకం, అంటే యంత్రాల్లో అమర్చడానికే చేసినది. కొంచెం నెమ్మది. కానీ కరెంటు తక్కువ తీసుకుంటుంది, ఫ్యాన్ అక్కర్లేకుండా మూసిన పెట్టెలో పనిచేస్తుంది, చాలా ఏళ్లపాటు అదే భాగం దొరికేలా తయారీదారు హామీ ఇస్తాడు. శనగ పొట్టు దుమ్ము ఎగిరే రేకుల షెడ్డుకు ఏది కావాలో చెప్పడానికి నాకు క్షణం పట్టదు. అయితే ఆ ఏడాది ప్రపంచమంతా చిప్పుల కొరత. ఎంబెడెడ్ రకం ఎప్పుడు వస్తుందో మా సరఫరాదారు చెప్పలేకపోయాడు. మామూలుది మాత్రం కర్నూలులోనే చేతికి దొరికేది.

మిల్లులో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎంబెడెడ్ రకం వచ్చేదాకా నా దగ్గరున్న పాత పీసీ ఇస్తాను, యంత్రం సగం వేగంతో నడుస్తుంది అన్నాను. శామ్యూల్‌కు అది నచ్చింది. తొందరపడి ఫ్యాన్ పెట్టె తెచ్చుకుంటే ఎండలు ముదిరాక ఏడుస్తామన్నాడు. ప్రతాప్ ఒప్పుకోలేదు.

"సగం వేగంతో నడిపితే రైతులు ఆగుతారా మేడం? ట్రాక్టర్లు తిప్పుకొని పక్క మిల్లుకు పోతారు. ఒకసారి పోయినోళ్లు మళ్లీ ఈ గేటు తొక్కరు."

అదీ నిజమే. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. చివరికి శామ్యూలే తగ్గాడు. "సరేలేప్పా, బేరం సంగతి నీకే తెలుసు" అన్నాడు. మామూలు ప్రాసెసర్ పెట్టాం. ఎంబెడెడ్ దానికీ ఆర్డర్ వేసి ఉంచాం. ఫ్యాన్ ముందు సన్నటి ఫిల్టర్ బిగించి, రోజూ శుభ్రం చేయాలని చెప్పాను.

రెండు నెలలు యంత్రం బ్రహ్మాండంగా నడిచింది. ప్రతాప్ నాకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో పిలుపు వచ్చింది. బెంగళూరులో చిరుతిళ్లు చేసే కంపెనీకి పంపిన లోడులో రాళ్లు కనబడ్డాయట. లారీ వెనక్కి వచ్చేసింది. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. రేకుల కింద గాలి సెగలా కొడుతోంది. షెడ్డు ముందు రైతులు ట్రాక్టర్ల నీడలో కూర్చుని ఉన్నారు. లారీ పక్కన ఇద్దరు భాగస్తులూ నిలబడి ఉన్నారు. ప్రతాప్ మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"ఫిల్టర్ శుభ్రం చెయ్యమని మేడం చెప్పింది గదా. ఆ ఒక్క పని చెయ్యలేకపోతివి" అన్నాడు.

"దినామూ చేస్తాండా ప్రతాపా. పొద్దున గూడా చేసినా. వేడి తట్టుకోలేక పోతాంది అది" అన్నాడు శామ్యూల్, గొంతు పెంచకుండానే.

"ఊరందరికీ పార్టనర్ అని చెప్పుకుంటాండా గానీ, నువ్వు ఆపరేటర్‌వే. ఆపరేటర్ పని గూడా నీకు చేతకాలేదు."

రైతులందరూ విన్నారు. శామ్యూల్ జేబులోంచి ప్యానెల్ తాళాలు తీసి నా చేతికిచ్చి, "చూడక్కా" అని బయటికి నడిచాడు.

నేను పెట్టె విప్పాను. ఫిల్టర్ శుభ్రంగా ఉంది. దాన్ని దాటుకుని వెళ్లిన మెత్తటి పొట్టు పొడి లోపల హీట్ సింక్, అంటే ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల మధ్య, దూదిలా పేరుకుపోయింది. ప్రాసెసర్ ఓర్వలేనంత వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మా భాషలో థ్రాట్లింగ్. ఇక్కడ అదే జరిగింది. కంప్యూటర్ ఆలస్యంగా తేల్చుకునేసరికి గాలి ఆలస్యంగా ఊదింది. మంచి గింజ ఎగిరిపోయి, రాయి బస్తాలోకి వెళ్లింది. ఇందులో శామ్యూల్ చేయాల్సి ఉండి చేయని పని ఏదీ లేదు.

ప్రతాప్‌ను పిలిచి చూపించాను. అతను చదువుకున్నవాడే, వివరించాల్సిన పని పడలేదు. ఆ పొడిని వేలితో తీసి చూసి, బయటికి పరుగెత్తాడు. అప్పటికే శామ్యూల్ బండి గేటు దాటిపోయింది.

వానలు మొదలయ్యాక ఎంబెడెడ్ ప్రాసెసర్ వచ్చింది. నేనే వెళ్లి బిగించాను. మూసిన పెట్టె, చప్పుడు లేదు. వేగం కాస్త తగ్గినా పని మానదు. జీతానికి కుదిరిన కొత్త మనిషి యంత్రం దగ్గర ఉన్నాడు. ప్రతాప్ పక్కనే నిలబడి చూశాడు గానీ అతని మనసు అక్కడ లేదు. శామ్యూల్ ఇంటికి రెండుసార్లు వెళ్లానని, తప్పయిపోయిందని చెప్పానని అన్నాడు. వాళ్ల నాన్న మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడాడట. శామ్యూల్ కూడా బాగానే మాట్లాడాడట. తిరిగి రావడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"నువ్వు ఒకసారి చెప్పు మేడం. నీ మాట వింటాడేమో" అన్నాడు.

మరుసటి ఏడాది కడపలో ఒక విడిభాగాల దుకాణంలో శామ్యూల్ కనిపించాడు. తుమ్మలపల్లె గనుల దగ్గర ఒక కాంట్రాక్టర్ కింద మోటార్ల మరమ్మతు చూస్తున్నాడు. పక్కనే టీ తాగుతూ ప్రతాప్ మాట ఎత్తాను. కోపంలో అన్న మాటను పట్టుకుని ఇన్నేళ్ల స్నేహం వదులుకుంటావా అని అడిగాను.

"కోపం లేదక్కా. ఆయప్ప ఇంటికాడికి వచ్చి తప్పు ఒప్పుకున్నాడు. ఎంతమంది ఒప్పుకుంటారు అట్ల? కానీ ఆ మాట ఆ పొద్దు పుట్టింది కాదు. లోపల శానా రోజుల నుంచి ఉండాది. అది తెలిసినాక ఆడికి పోయి నేను ఎట్ల నిలబడేది?"

అతను మోటారు బేరింగులు సంచిలో వేసుకుని, ప్రతాప్ ఎట్లుండాడని అడిగి, బాగున్నాడంటే తల ఊపి బస్సెక్కాడు.

ఆ పీసీ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. ఏటా చూసి రావడానికి వెళ్తాను. ప్రతాప్ టీ తెప్పిస్తాడు, శామ్యూల్ సంగతులు అడుగుతాడు, నాకు తెలిసినంత చెబుతాను. ఏ మిల్లుకు ప్రాసెసర్ సూచించినా ఇప్పుడు యజమానినీ, యంత్రం దగ్గర నిలబడే మనిషినీ పక్కపక్కనే కూర్చోబెడతాను. వేగం గురించీ ధర గురించీ చెప్పాక, నడి వేసవిలో ఇది ఎలా తడబడుతుందో కూడా చెబుతాను. ఎంత శుభ్రంగా ఉంచినా తడబడవచ్చు, ఆ రోజు మనిషిని అనకండి, ముందు పెట్టె విప్పి చూడండి అంటాను. కొందరు యజమానులు నవ్వుతారు. అయినా చెప్పడం మానలేదు. కోయిలకుంట్లలో ఆ ప్రాసెసర్ పెట్టిన రోజు మాత్రం, మనిషిని అనకండన్న ఈ మాట చెప్పాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.