ఫిల్టరుకు పెట్టిన గంజి

నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్న బరువు అదే. ఎవరైనా ఒక్కసారి వంక పెట్టి ఉంటే మీకు ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. పేరు చెప్పను. చెప్తే ఆదోనిలో సగం మంది గుర్తుపడతారు. గొప్ప కోసం అనడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే అంటున్నాను.

వేడినీళ్ళ తొట్టెలు చూసుకోవడం నా పని. హాట్ టబ్ అంటారు. వేసవిలో కుళాయి తిప్పితేనే వేడినీళ్ళు వచ్చే మన ఊళ్ళలో వీటిని ఎవరు కొంటారని మీకు నవ్వు రావచ్చు, మొదట్లో నాకూ వచ్చింది. కానీ ఆదోనిలో పత్తి వ్యాపారుల మిద్దెల మీద ఉన్నాయి, మంత్రాలయంలో ఒకటి రెండు పెద్ద లాడ్జీల్లో ఉన్నాయి. తొట్టె ఎంత ఖరీదైనదైనా దాని బతుకంతా ఫిల్టరులోనే ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టం చుట్టూ తెల్లటి గుడ్డను చీర కుచ్చిళ్ళలా దగ్గర దగ్గరగా మడతలు పెట్టి బిగిస్తారు. నీళ్ళు ఆ మడతల్లోంచి పోతూ మురికిని అక్కడ వదిలేస్తాయి. ఒంటి నూనె, వెంట్రుకలు, ఆదోనిలో అయితే గాలిలో ఎగిరే దూది కూడా. దాన్ని తరచూ బయటికి తీసి, ఒక్కో మడత వేలితో విప్పి, పైపుతో నీళ్ళు కొట్టాలి. అప్పుడప్పుడు మందునీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. సబ్బు తగలకూడదు. గట్టిగా రుద్దకూడదు. నేను కడిగిన ఫిల్టరు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ పని నేను నేర్చుకుంది ఎమ్మిగనూరులో. మాది మగ్గాల వీధి. అమ్మ మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నడుము పోగొట్టుకుంటుంటే చూసి, నేను మాత్రం ఆ గుంటలో కాలు పెట్టనని పంతం పట్టాను. ఆదోని నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి మా ఊళ్ళో కీళ్ళనొప్పులకు వ్యాయామం చేయించే చిన్న ఆసుపత్రి తెరిచింది. నేత పనివాళ్ళ మోకాళ్ళకూ నడుములకూ వేడినీళ్ళు మంచివని ఒక తొట్టె కూడా పెట్టించింది. దాన్ని చూసుకోవడానికి నన్ను తీసుకుంది. వచ్చినవాళ్ళతో ముందు స్నానం చేయించడం, నీళ్ళు చూడడం, ఫిల్టరు కడగడం. మా వీధిలో మగ్గం కాక వేరే పని దొరికిన మొదటి ఆడపిల్లను నేనే. ఎంత మిడిసిపడ్డానో మీకు చెప్పలేను.

ఆ తొట్టెలో దిగడానికి వచ్చేవాళ్ళలో మా పెద్దమ్మ ఉండేది. సొంత పెద్దమ్మ కాదు, వరసకు అలా పిలిచేదాన్ని. పక్కింటి మనిషి. పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు చాచి, వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె గంజి పెట్టిన పడుగు మగ్గం మీద తెగదని పక్క వీధులవాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. నాకు చిన్నప్పుడే కుంచె చేతికిచ్చి నేర్పించింది కూడా ఆమే. మోకాళ్ళు బిగుసుకుపోయి గుంటలోకి దిగలేక ఏడ్చిన మనిషి, కొన్నాళ్ళు తొట్టెలో కూర్చున్నాక మళ్ళీ మగ్గం గుంటలోకి దిగింది. ఆ సంతోషంతో డాక్టరమ్మకు తువ్వాలు నేసి ఇచ్చింది.

అప్పుడు ఫిల్టరు పాతబడింది. కడిగి కడిగి మడతలు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోతున్నాయి. కొత్తది బెంగళూరు నుంచి రావాలి. అది వచ్చేదాకా ఎట్లాగో నెట్టుకు రమ్మంది డాక్టరమ్మ. ఆ వాలిపోయిన మడతలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా చేతిలో పడ్డ వస్తువు అలా ఉంటుందా? నీరసించిన నూలును ఎలా నిలబెడతారో నాకు తెలుసు కదా. ఎవరికీ చెప్పకుండా పల్చగా గంజి కాచాను. ఫిల్టరును అందులో ముంచి, ఇంట్లోంచి తెచ్చిన అరిగిపోయిన కుంచెతో ఒక్కో మడత సుతారంగా దువ్వి, మిద్దె మీద ఎండలో నిలబెట్టాను. సాయంత్రానికి మడతలన్నీ కత్తిలా నిలబడ్డాయి. ఇప్పటికీ చెప్తున్నాను, చూడడానికి అంత అందమైన ఫిల్టరు నేను మళ్ళీ చూడలేదు.

కొత్తది వచ్చేసిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదు, నేనే బాగుచేశానన్నాను. ఎలా అని అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆమె ఆదోనిలో ఎవరికో ఫోను చేసి, నా దగ్గర ఒక పిల్ల ఉంది, బంగారం, అని చెప్పడం నా చెవులతో విన్నాను. ఆ మాట నన్ను పాడుచేసింది. కాదు, ఆ మాట మీదికి నెట్టకూడదు. నేనే పాడయ్యాను.

గంజి వేడినీళ్ళలో ఏమవుతుందో ఏ పిల్లనడిగినా చెప్తుంది. నాకు మాత్రం తట్టలేదు. రెండు రోజులకు నీళ్ళు తెల్లగా మారాయి. అంచుల వెంట నురగ, చేతికి జిగట, పులిసిన వాసన. ఆ పొద్దున తొట్టెలో పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ఉన్నారు. డాక్టరమ్మ వచ్చి వాసన చూసి, ఇది గంజి వాసన కదా అంది. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. అంతకుముందే ఆమె పడుగు పని ముగించుకుని, చేతులకు గంజి అట్టకట్టి ఉండగానే లోపలికి రావడం మిగతా ఇద్దరూ చూశారు. డాక్టరమ్మ కోప్పడలేదు. నా వైపు తిరిగి, ఆమె స్నానం చేసే దిగిందా అని అడిగింది.

చేసింది. చెంబుతో నీళ్ళు పోసింది నేనే. మోచేతుల దాకా రుద్దింది నేనే. ఇలా రుద్దించుకుంటే పెళ్ళికూతురిలా ఉందని ఆమె వేళాకోళమాడితే ఇద్దరం నవ్వుకున్నాం.

"నేను చూడలేదు మేడం" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? ఉద్యోగం పోతుందనా? చాలా ఏళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. పేద పిల్ల, మొదటి ఉద్యోగం, భయపడింది, పోనీలే అని. కానీ డాక్టరమ్మ మంచిది, తిట్టినా పంపేసేది కాదు, ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. నేను వదులుకోలేకపోయింది ఉద్యోగాన్ని కాదు, ఫోనులో విన్న ఆ ఒక్క మాటను.

తొట్టె ఖాళీ చేయమన్నారు. నేను ఫిల్టరు ఊడదీసి పెరట్లోకి తెచ్చాను. పెద్దమ్మ చీర మార్చుకుని నా వెనకే వచ్చింది. నా చేతిలోది తీసుకుని, పడుగు చూసినట్టే ఒక మడతను బొటనవేలితో నొక్కి, రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కుంచె బాగా ఆడిచ్చినావు పాపా" అంది. "గంజి మాత్రం ఇంకా రోంత ఉడకాల్సింది."

"పెద్దమ్మా, నేను పోయి సెప్తా. డాక్టరమ్మకు ఇప్పుడే సెప్తా."

"సెప్పేదానివైతే ఆయమ్మ అడిగినప్పుడే సెప్పిండేదానివి." ఫిల్టరు నా చేతిలో పెట్టింది. "నా గంజి నీళ్ళలో ఇడిసినాదని ఊరంతా అనుకుంటాది గదా ఇంగ. అదే నాకు."

మాట పూర్తి చేయలేదు. గోడ పట్టుకుని మెల్లగా పెరటి మెట్లు దిగి పోయింది. ఆమె నన్ను తిట్టలేదు, కాపాడుతున్నానని కూడా అనలేదు. ఆమెకు తగిలిన దెబ్బ వేరే. ఆమె చేతి పనికి మాట వచ్చింది. ఆ బాధ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మగ్గం పని నుంచి నేరుగా వచ్చేవాళ్ళను తొట్టెలోకి దించొద్దని డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మను ఎవరూ రావద్దనలేదు. ఆమే రాలేదు. నేను ఎదురుచూశాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను, అది కూడా మీకు చెప్పాలి. ఆ చలికాలం దాటకుండానే ఆమె గుంటలో దిగడం మానేసింది. ఇప్పుడు గడప దగ్గర కూర్చుని వేరేవాళ్ళ మగ్గాల కోసం కండెలకు నూలు చుట్టి ఇస్తుంది. తొట్టెకు వచ్చి ఉంటే మోకాళ్ళు నిలిచేవా? ఏమో. వయసు కూడా ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. మా వీధిలో ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు ఆమెను ఆటపట్టిస్తారు, పెద్దమ్మా కుండలో చెయ్యి పెట్టొద్దు, సాంబారు గంజి అయిపోతుంది, అని. ఆమె కూడా నవ్వుతుంది. నేను వడ్డించే వంకతో లేచి వెళ్ళిపోతాను.

ఇంతటితో ఆగి ఉంటే పిరికిపని అని సరిపెట్టుకునేదాన్ని. నేను ఆగలేదు. ఆదోనికి వచ్చి పని పెంచుకుని కొత్తవాళ్ళకు నేర్పించడం మొదలుపెట్టాక, స్నానం చేయకుండా ఎవర్నీ తొట్టెలోకి దించకూడదని చెప్పడానికి నేను చెప్పే కథ ఏమిటో తెలుసా? ఎమ్మిగనూరులో ఒక ముసలామె ఒళ్ళంతా గంజితో దిగి నీళ్ళన్నీ పాడుచేసిన కథ. చేతులు తిప్పుతూ చెప్తాను. అందరూ నవ్వుతారు. బాగా చెప్తానని నాకు పేరు కూడా ఉంది.

ఈ మధ్య మంత్రాలయం లాడ్జీలో కొత్తగా చేరిన ఒకామెకు చెప్పాను. కోసిగి ఊరి మనిషి. ఏటా పనులకు వలస పోయి విసిగి, ఇక్కడే ఏదైనా చేసుకుందామని వచ్చింది. ఆమె నవ్వలేదు. ఆ ముసలామెతో స్నానం చేయించే పని ఎవరిదక్కా అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరో ఒకామె ఉండేదిలే అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఫిల్టరు చేతిలోకి తీసుకుని మడతలు ఎలా విప్పాలో చూపించడం మొదలుపెట్టాను. చేతులు బాగానే చూపించాయి.

పెద్దమ్మ దగ్గరికి పోయి కాళ్ళు పట్టుకోవచ్చు కదా అంటారు మీరు. పట్టుకుంటాను. కానీ నా తప్పేమిటో ఆమెకు ఆ రోజే తెలుసు. ఆమెకు కొత్తగా చెప్పేదేముంది? తెలియనిది మీకు. మా వీధికి. నా కథ విని నవ్విన అందరికీ. ఆమె క్షమిస్తుందో లేదో నాకు తెలియదు, క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. నా పనంటే నాకు ఇప్పటికీ గర్వమే, దాన్ని దాచుకోలేను. కానీ ఆమె గర్వం నా దానికంటే పెద్దది, నేను దాన్ని నడివీధిలో నవ్వులపాలు చేశాను. ఇది రాస్తుంటే మాత్రం, ఏం దాచనక్కర్లేదు కాబట్టి, ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది.

కాబట్టి వినండి. మా వీధివాళ్ళు ఇది చదివితే పదిమందికీ చదివి వినిపించండి. ఆమె గంజి ఎప్పుడూ ఎక్కడా వదల్లేదు. ఆ పొద్దున ఆ తొట్టెలో తేలిన గంజి నాది.