ఊరందరిదీ ఒకే చేతిరాత

పిన్నర్స్ కోవ్‌లో తలుపు తట్టేవాడెవడైనా పరాయివాడే. ఊరివాళ్ళు బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేస్తారు, పొయ్యి పక్కన చోటు చూసుకుని కూర్చుంటారు. టిర్జా అత్త వంటింట్లోకి పెద్దవాళ్ళకంటే పిల్లలే ఎక్కువ వచ్చేవారు. ఆవిడ వాళ్ళలో ఎవరికీ మేనత్త కాదు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో వయసు మళ్ళిన ప్రతి ఆడమనిషీ ఊరందరికీ అత్తే, ప్రతి మగవాడూ మామే.

ఊళ్ళో బడి లేదా అంటే, ఉంది. గది ఉంది, గంట ఉంది, పంతులే నిలవడు. పట్నం నుంచి ఓ కుర్రాడు చలికాలం ముందు పడవలో కక్కుకుంటూ దిగుతాడు. రేవు గడ్డకట్టకముందే ఏదో జబ్బు పేరు చెప్పి తిరుగు పడవ ఎక్కుతాడు. ఆ మహానుభావులు చెప్పిన చదువు సముద్రపు కాకులకే తెలియాలి. పిన్నర్స్ కోవ్ పిల్లలకి నాలుగక్షరాలు వచ్చాయంటే అవి టిర్జా అత్త రొట్టెల బల్ల మీద వచ్చినవే.

బల్ల మీద పిడికెడు పిండి చల్లి సమంగా పరిచేది. పిల్లని ముందు నిలబెట్టుకుని, వెనక నుంచి వంగి, ఆ బుల్లి చేతిని తన చేతిలోకి తీసుకుని వేలితో దిద్దించేది. తప్పు పోతే అరచేత్తో తుడిచి మళ్ళీ మొదలు. చెయ్యి కుదిరాక పలక, పలక మీద కుదిరాక కాగితం. తర్వాత మాటలు. చేప, వల, తెడ్డు, మంచు. ఒక్కో మాటనీ అక్షరం అక్షరం పైకి చెప్పి మరీ రాయాలి. ఎవడైనా ఓ అక్షరం మింగేస్తే, "ఒక్క మేకు తగ్గినా పడవలోకి నీళ్ళొస్తాయిరా వెధవా, మీ నాన్ననడుగు" అనేది. రాసినవాడికి మొలాసిస్ పాకం పూసిన రొట్టెముక్క దొరికేది. రాయనివాడికీ దొరికేది, కాకపోతే తిట్లు తిన్నాక.

పేరు రాసేటప్పుడు మొదటి ఇంగ్లీషు పెద్దక్షరానికి కింద తోక తిప్పి గాలంలా పైకి లాగడం ఆవిడ అలవాటు. ఎందుకలా అంటే ఆవిడకీ తెలియదు, వాళ్ళమ్మ అలా రాసేది. చెయ్యి పట్టి దిద్దించిన చదువు కాబట్టి ఆ తోక ఊరంతా పాకింది.

ఇదంతా ఆవిడ సరదాకి పెట్టుకున్న పని కాదు. మొగుడు లెవై పెళ్ళయిన ఏడో ఏట మంచు మీద సీల్ అనే నీటిజంతువుల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. టిర్జా పట్నం వెళ్ళి, ఓడ ఎక్కేముందు అతను పెట్టిన సంతకమైనా చూపించమని అడిగింది. గుమాస్తా కాగితం తీసి చూపించాడు. లెవై పేరు ఎవరో రాశారు. పక్కన సంతకానికి బదులు ఒక గీత మీద ఇంకో గీత, అంతే. అది తన మొగుడి చెయ్యో, పక్కవాడి చెయ్యో చెప్పలేకపోయింది. ప్రతి చలికాలం ఆవిడ నేర్పుతానంటే, వచ్చే చలికాలం చూద్దాంలే అనేవాడు పాపం. ఇక ఈ రేవు నుంచి ఏ మనిషీ ఇలా అడ్డగీత పెట్టి పోకూడదని ఆవిడ అప్పుడే అనుకుంది.

ఇంటికొచ్చి మొదట కూతురు నయోమీకి దిద్దించింది. పక్కింటి గార్లండ్‌ది కూడా అదే ఈడు కావడంతో వాణ్ణీ కూర్చోబెట్టుకుంది. నయోమీ పేరు రాయడం నేర్చిన ఏడాదే గొంతు జబ్బు వచ్చి పోయింది. చర్చి వెనక కొండవాలులో పూడ్చారు. మర్నాడు గార్లండ్ ఎప్పటిలాగే వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక ఆవిడ వాడి ముందు పిండి పరిచింది. అలా మొదలైన పని వాడి వెనక వాడి తమ్ముళ్ళకీ, వాళ్ళ వెనక ఊరి పిల్లలకీ, వాళ్ళు పెరిగి కన్న పిల్లలకీ సాగింది. కొండ మీద కూతురు, కింద వంటింట్లో ఊరి పిల్లలు. ఆవిడ బతుకంతా ఈ రెండింటి మధ్యే.

ఇంతలో ప్రభుత్వంవారికి ఊళ్ళు ఎత్తేయాలని బుద్ధి పుట్టింది. చిన్న చిన్న రేవుల్లో ఉన్నవాళ్ళు పెద్ద ఊళ్ళకి పోవాలి, అక్కడ బడి, ఆసుపత్రి, కరెంటు అన్నీ ఉంటాయి. నూటికి తొంభై ఇళ్ళవాళ్ళు సంతకం పెడితే చాలు, మొత్తం ఊరు కదలాలి. కదలనని మొండికేసినవాళ్ళకి టపా పడవ రాదు, సరుకుల కొట్టు ఉండదు, పాస్టరు రాడు.

ఆ కాగితం పట్టుకుని తిరిగినవాడు మరెవరో కాదు, గార్లండే.

ఇల్లిల్లూ తిరిగి చివరికి టిర్జా దగ్గరికొచ్చాడు. కాగితం బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఒక్కో సంతకం మీదా వేలు పెట్టి చదివింది. అడ్డగీత ఒక్కటి లేదు. మామూలు రోజైతే పండగ చేసుకునేది.

"నేను పట్టి దిద్దించిన చేతులతోనే నా ఇంటి కింది గుంజలు పీకుతున్నార్రా మీరంతా?" అంది.

గార్లండ్ పెళ్ళాం సెలీనా కిందటి చలికాలం కాన్పులో పోయింది. నొప్పులు మొదలైనప్పుడు రేవంతా మంచు కట్టి ఉంది, పడవ కదల్లేదు. మగవాళ్ళు గొడ్డళ్ళతో మంచు నరుకుతూనే ఉన్నారు, లోపల ఆమె అరుపు ఆగిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు. మిగిలింది ఆరేళ్ళ జూనీ. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల పొద్దున్నే వచ్చి టిర్జా వంటింట్లో వాలేది.

"అత్తా, సెలీనా సంగతి నీకు చెప్పక్కర్లేదు. దాని చెయ్యి పట్టుకుంది నువ్వే" అన్నాడు గార్లండ్. "రేపు జూనీకి అలా అయితే నేనేం చెయ్యను? నయోమీ దగ్గరికి ఏడాదికోసారి నిన్ను నేనే పడవలో తీసుకొస్తాను."

"ఏడాదికోసారా? పిల్లని చూడ్డానికి చుట్టంలా రమ్మంటావా?"

ఆవిడ సంతకం పెట్టలేదు. ఆవిడది లేకపోయినా లెక్క సరిపోతుందని ఇద్దరికీ తెలుసు. గార్లండ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో టీ తాగకుండా పోవడం అతనికదే మొదటిసారి. మర్నాడు జూనీ మాత్రం మామూలుగానే వచ్చింది. పెద్దవాళ్ళ అలకలు పిల్లలకి అంటవు.

మంచు కరిగి పడవలు తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం టిర్జా వంటింటి తలుపు ఎవరో తట్టారు. ఆవిడ జూనీ చేత ఒడ్డు, గాలి లాంటి మాటలు రాయిస్తోంది. వచ్చింది పట్నం అధికారి. ఇంకా పడుచువాడే. ఆ బూట్ల మెరుపు చూస్తే ఈ రేవు రాళ్ళ మీద ఎలా నడిచాడా అనిపిస్తుంది. వెనక గార్లండ్ ఉన్నాడు.

అధికారి మర్యాదస్తుడే. టోపీ తీసి, కూర్చోమంటే కూర్చుని, చల్లగా సంగతి చెప్పాడు. పిన్నర్స్ కోవ్ కాగితం చూసి పట్నంలో అందరికీ అనుమానం వచ్చిందట. సంతకాలన్నీ ఒకే చేత్తో పెట్టినట్టున్నాయి, ప్రతి పేరుకీ అదే తోక, అదే వంపు. ఈ పెద్దమనిషే ఇంట్లో కూర్చుని ఊరందరి పేర్లూ గీకేశాడేమోనని వాళ్ళ అభిప్రాయం. అది నిజమైతే కాగితం చించేస్తారు, ఊరు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, గార్లండ్ మీద కేసు వేరే సంగతి. ఊళ్ళో సంతకం పెట్టనిది దాదాపు ఆవిడొక్కతే కాబట్టి ఆవిడకి గార్లండ్‌ని వెనకేసుకురావాల్సిన పని ఉండదని నేరుగా ఇక్కడికొచ్చాడు.

"అమ్మా, ఈ సంతకాలు ఎవరివి వాళ్ళే పెట్టారా? మీకు తెలిసింది చెప్పండి చాలు" అన్నాడు.

టిర్జా అబద్ధం చెప్పక్కర్లేదు. నాకేం తెలుసు బాబూ, నేను చూశానా అంటే చాలు. చూడలేదన్నది నిజమే కూడా. ఊరు నిలుస్తుంది, కొండ మీద పిల్ల కళ్ళెదురుగా ఉంటుంది. గార్లండ్ సంగతి తర్వాత ఎలాగో సర్దుకోవచ్చు, ఊరంతా వచ్చి చెబుతారు, జైల్లో పెట్టరు. ఇన్ని ఆలోచనలూ ఆవిడకి ఒక్క గుక్కలో వచ్చాయి. నాకు తెలిసి ఇంత దగ్గరికొచ్చిన అదృష్టాన్ని కాలదన్నేవాళ్ళు ఈ తీరంలో పదిమంది ఉండరు.

గార్లండ్ తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. ఆవిడ కాగితం తన ముందుకి లాక్కుంది. అంబ్రోజ్ మామ పేరు కనబడింది. అరవై దాటాక, మనవలతో పాటు సిగ్గుపడుతూ వచ్చి నేర్చుకున్నాడు. మొదటిసారి తన పేరు తాను రాసుకుని, ఇదేనా నేను అని అడిగాడు. ఈ పేర్లన్నీ దొంగ పేర్లని ఆవిడే ఒప్పుకుంటే ఆ మనిషి చేతికి మళ్ళీ అడ్డగీతే మిగులుతుంది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"అందరూ వాళ్ళవాళ్ళ చేత్తోనే రాశారు బాబూ" అంది. "అందరికీ నేర్పింది నేను. అందుకే అలా ఉన్నాయి."

అధికారి నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. మాటతో ఎలా నమ్మాలి, పైవాళ్ళకి ఏం చెప్పాలి అన్నాడు.

"జూనీ, మీ నాన్న పేరు రాయమ్మా."

పిల్ల అక్షరం అక్షరం పైకి చెబుతూ, నాలుక బయటపెట్టి, పలక మీద నెమ్మదిగా రాసింది. చివర మళ్ళీ మొదటికొచ్చి పెద్దక్షరం కింద తోక పైకి లాగింది. అధికారి పలక తీసుకుని కాగితం పక్కన పెట్టి చూశాడు. ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోయేటట్టున్నాయి. ఆరేళ్ళ పిల్ల దొంగ సంతకాలు పెట్టిందని పట్నంలో కూడా ఎవరూ అనరు. అతను పిల్ల తల నిమిరాడు, కలం మూత తీసి, సంతకాలు అసలైనవేనని కాగితం చివర రాసుకున్నాడు. పిన్నర్స్ కోవ్ కథ అక్కడితో ముగిసింది.

వెళ్ళబోతూ అతను, కాగితం కింద మీ సంతకానికి ఇంకా చోటుందమ్మా అన్నాడు. ఊరితో కలిసి కదిలితే ఊరివాళ్ళ పక్కనే ఇల్లు ఇస్తారు, ఒంటరిగా ఉండిపోతే ఎవరూ చూసేవారుండరు. మంచి మనసుతోనే అన్నాడు. టిర్జా కిటికీలోంచి కొండవాలు వైపు ఒకసారి చూసి, కలం అందుకుంది. అన్నేళ్ళు అన్ని చేతుల్ని కుదురుగా పట్టుకున్న చెయ్యి కుదురుగా నిలవలేదు. గీత కింద నుంచి పైకి పోయింది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తోక తిరగనే లేదు.

అధికారి ఆ సంతకం చూసి ఇబ్బందిగా కదిలాడు.

"ఏమీ అనుకోకండమ్మా, ఇదొక్కటే మిగతావాటిలా లేదు. ఇది మీదేనని ఎవరైనా పక్కన సాక్షి సంతకం పెట్టాలి."

గార్లండ్ అప్పుడు తలుపు దగ్గర నుంచి కదిలి వచ్చాడు. బల్ల ముందు, ఆవిడ పక్కన నిలబడ్డాడు. "మా అత్తదే" అన్నాడు. వంగి, తొందరపడకుండా, పేరంతా రాశాడు. గీత తిన్నగా ఉంది, పెద్దక్షరం తోక గుండ్రంగా తిరిగి పైకి లేచింది.

టిర్జా ఆ పేరు మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"చక్కగా రాశావురా" అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది.