అక్క గిన్నెల్లో నా కూరలు

పోయిన సోమవారం పొద్దున మా తోటికోడలు చనిపోయింది. రెండు రోజులుగా ఛాతీలో నొప్పి అంటుంటే కరీంనగర్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. "అక్క లేదు" అని మా ఆయన ఫోన్‌లో చెప్పినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. పొయ్యి ఆర్పి బయటికి వచ్చేసరికే ఆమె కర్రీ పాయింట్ ముందు నలుగురు నిలబడి ఏడుస్తున్నారు. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇంత పొద్దున్నే ఈమె కోసం ఏడవడానికి ఇంతమందా, అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆమె గురించి రాస్తూ అబద్ధం చెప్పలేను.

మేమిద్దరం అన్నదమ్ముల భార్యలం. ఆమె పుట్టిల్లు చొప్పదండి, నాది ఖానాపూర్. మేముండేది బొగ్గుగనుల ఊరు. కంపెనీ క్వార్టర్లకు వెళ్లే దారిలో మా కర్రీ పాయింట్లు పక్కపక్కనే ఉండేవి. వంకాయ కూర నేనే బాగా చేస్తానని ఆమే అందరికీ చెప్పేది. అయినా జనం ముందు ఆమె దగ్గరే ఆగేవారు. ఎవరికి షుగర్ ఉందో, ఎవరింట్లో పసిపిల్ల కారం తినదో ఆమెకు గుర్తుండేది. నేనూ గుర్తుపెట్టుకుని పలకరించి చూశాను. నా నోట అది గిరాకీ కోసం అడిగినట్టే ఉండేది.

పలుచటి ప్లాస్టిక్ కవర్లు, డబ్బాలు, చెంచాలు ఇవ్వొద్దని మున్సిపాలిటీ ఆటో మైకులో చెప్పుకుంటూ తిరిగిననాడు నాకు లోపల సంతోషమే కలిగింది. ఇక ఈమె గిరాకీ కూడా పడిపోతుంది అనుకున్నాను. ఆమె మరుసటి రోజే స్టీలు గిన్నెలు కొని వరుసగా పేర్చింది. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకున్నవారికి ఒక గంటె ఎక్కువ వేసేది. మరిచిపోయి వచ్చినవారికి తన గిన్నెలో ఇచ్చి పంపేది.

"తిరిగి తేకుంటె ఎట్లక్కా?" అని అడిగాను.

"ఎవరింట్ల ఉన్నా గిన్నె గిన్నెనే గద చెల్లె. అండ్లనే తింటరు" అని నవ్వింది.

నేను మాత్రం కవర్ల కట్టలు బియ్యం బస్తా వెనక దాచి, అడిగినవారికి అడిగినట్టు ఇచ్చాను. గిన్నె కడిగి తిరిగి తెచ్చివ్వడానికి అందరికీ ఓపిక ఉండదు కదా. మూడు వారాల పాటు ఆమె దగ్గరికి పోయేవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చారు. సాయంత్రం ఆమె మిగిలిన కూరలు సర్దుకుంటుంటే ఓరకంట చూసేదాన్ని. ఆ మూడు వారాలు తిన్న అన్నం అంత రుచిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

రెండుసార్లు వచ్చి చెప్పింది. "ఉడుకుడుకు సాంబారు కవర్ల పోస్తె నాకైతె మనసొప్పది. బందువెట్టు చెల్లె."

సరేనన్నాను. మానలేదు.

ఒక మధ్యాహ్నం మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, ఏమీ వెతక్కుండా నేరుగా బియ్యం బస్తా వెనక చెయ్యి పెట్టారు. నలుగురూ చూస్తుండగా జరిమానా రాశారు. వాళ్లు వెళ్లగానే ఆమె దుకాణంలోకి దూసుకెళ్లాను. ఆమె గంజి వంపుతోంది.

"ఎవరు చెప్పిర్రు వాళ్లకు?"

"నేనే చెప్పిన."

"నన్ను ముంచనీకేనా?"

గంజి గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది. "రెండుసార్లు చెప్పిన, వినకపోతివి. అందరిని గిన్నెలు తెమ్మనుకుంట, పక్కకే నువ్వు కవర్లిస్తుంటె నోరు మూసుకుంటె నా మాటకేం ఇజ్జత్ ఉంటది?" కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంకోటి. నా గిరాకీ గుంజుకుంటున్నవని కుళ్లు గూడ ఉండె. లేదని ఎందుకనాలె?"

ఆ చివరి మాటకే నేను ఆమెను క్షమించలేకపోయాను. ఇరవై ఏళ్లుగా ఆమెను చూసి కుళ్లుకుంటున్నదాన్ని నేను. ఒక్కసారైనా పైకి అనలేదు. ఆమెకు మూడు వారాలే ఆ బాధ. దాన్ని కూడా నా మొహం మీదే చెప్పేసి, తేలికపడి, మళ్లీ గంజి వంపుకుంది.

మర్నాడు పొద్దున పన్నెండు స్టీలు గిన్నెలు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాలుగు రోజులు వాటిని ముట్టలేదు. ఐదోనాడు వేరే దారి లేక తీశాను. కూర కొనడానికి వచ్చిన మొదటి మనిషే గిన్నెను తిప్పి చూసి, "గివి అక్క గిన్నెలే గదా?" అంది. నా వంకాయ కూర కూడా ఆమె పేరు మీదే బయటికి వెళ్లింది. కానీ ఆ గిన్నెలతోనే నా దుకాణం నిలబడింది. ఆ మాట ఆమెతో అనలేదు. ఉప్పు అడగడానికో, కరివేపాకు అడగడానికో వెళ్లి మెల్లగా మాటలు కలుపుకున్నాను. అంతకంటే నాకు చేతకాలేదు.

నిన్న మధ్యాహ్నం గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చాడు. నెల రోజులుగా ఇచ్చోడలో బిడ్డ దగ్గర ఉన్నాడట. మూసిన షట్టర్ ముందు నిలబడి, "ఇయాల తియ్యలేదా అక్క?" అని నన్నే అడిగాడు.

చెప్పాను. ఆయన ఆమె దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదే ఉంది. నేను దగ్గరికి వెళ్లాను.

"ఇటియ్యి తాతా, నేనేసిస్త. నీకు ఉప్పు తక్కువెయ్యాలె గదా, పప్పు వేరే చేసిస్త."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డ. ఇయాల తినబుద్ధయితలేదు."

నేను పోయిననాడు ఈ ఊళ్లో ఎవరికైనా ఒక్కపూట ఆకలి చచ్చిపోతుందా అనిపించింది. ఆయన మోకాలు పట్టుకుని లేచి, క్వార్టర్ల వైపు నడిచాడు. చేతిలోని ఖాళీ క్యారియర్ అడుగడుక్కీ చప్పుడు చేస్తోంది. ఆయన మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆ చప్పుడు కాసేపు వినిపించింది.