బాపు పట్టిన సీటు

ఆ రోజుల్లో ఎల్లారెడ్డి బస్టాండులో సీటు దొరికేది తలుపు దగ్గర కాదు, కిటికీ దగ్గర. బస్సు ఆగకముందే దానితోపాటు పరుగెత్తి, కిటికీలోంచి ఒక తువ్వాలో దస్తీయో లోపలికి వేస్తే ఆ సీటు మనదైపోయినట్టే. తర్వాత తీరిగ్గా ఎక్కి కూర్చోవచ్చు. ఎక్కడా రాసి లేని ఈ చట్టాన్ని ఊరంతా ఒప్పుకునేది (అప్పుడప్పుడు కొట్లాటలు జరిగేవి, అవి లెక్కలోకి రావు). ఈ విద్యలో మా బాపు ఆరితేరినవాడు. పొలం పని చేసుకునే మనిషికి బస్సెక్కే అవసరమే ఉండేది కాదు. అయినా నేను కామారెడ్డికి పోయి డిగ్రీ చదివిన మూడేళ్ళూ పొద్దున్నే నాకంటే ముందు బస్టాండుకు వచ్చి, భుజం మీది తువ్వాల కిటికీలోంచి వేసి, నేను కూర్చున్నాక దాన్ని తీసుకుని పొలానికి పోయేవాడు. తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు సిగ్గుగా ఉండేది. సీటు మాత్రం కావలసి ఉండేది.

బాపుకు చదువు రాదు. ఆ సంగతి నలుగురిలో బయటపడడం ఇష్టముండేది కాదు కాబట్టి, ఇది ఏ ఊరి బస్సని ఎవరినీ అడిగేవాడు కాదు. డ్రైవర్ మీసాలు చూసేవాడు. "గా బుర్రమీసాలాయన తోలితే అది కామారెడ్డి బస్సే" అనేది ఆయన సిద్ధాంతం. మూడేళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పలేదు.

డిగ్రీ అయ్యాక కామారెడ్డిలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి నా పేరు వచ్చింది. అసలు సర్టిఫికెట్లు తీసుకుని చెప్పిన రోజున హాజరు కావాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా తర్వాతి పేరుకు పోతుంది. నెల జీతమనేది మా ఇంటావంటా లేదు. అందుకని నా చదువంతా ఉన్న ఆకుపచ్చ ఫైలును బాపు నా చేతికి కూడా ఇవ్వకుండా, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్టాండుకు తెచ్చాడు. ఫొటోలు తెచ్చుకోవడానికి నేను రోడ్డు అవతల స్టూడియోకు పోయాను. ఐదు నిమిషాల పని. తిరిగి వస్తుంటే బాపు ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఫైలేది బాపూ?"

"సీట్ల ఉన్నది బిడ్డా."

"సీటేది?"

"బస్సుల. కిటికీ పక్కదే దొరికింది. జల్ది రా."

"బస్సేది?"

బాపు వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఒక నూనె మరక తప్ప ఏమీ లేదు.

జరిగింది ఏమిటంటే, బుర్రమీసాలాయనకు ఆ రోజు బాన్సువాడ బస్సు ఇచ్చారు. బాపు మీసాలు చూసి పరుగెత్తాడు. జనం విపరీతంగా ఉండడంతో ఉత్త తువ్వాల సరిపోదనిపించి, దాని మీద ఫైలు కూడా వేశాడు. "తువ్వాలనైతే తీసి పక్కకు పెడ్తరు. కాయితాలనైతే ఎవ్వలు ముట్టరు బిడ్డా" అని నాకు వివరించబోయాడు కూడా. నన్ను పిలవడానికి ఆయన ఇటు తిరగడం, బస్సు అటు కదలడం ఒకేసారి అయ్యాయి. నా పదిహేనేళ్ళ చదువు కిటికీ పక్క సీట్లో కూర్చుని బాన్సువాడ వెళ్ళిపోయింది.

నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను. బాపు మాత్రం అటుగా పోతున్న పాలాయన మోటార్ సైకిల్‌కు అడ్డం పడి, ఖాళీ క్యాన్ల మధ్య ఎక్కి కూర్చున్నాడు. "నువ్వు కామారెడ్డి పో. పేరు పిలిస్తే పల్కనీకె మనిషన్న ఉండాలె గదా. కాయితాలు నేను తెస్త" అని అరుస్తూ వెళ్ళిపోయాడు.

ఆఫీసులో కళ్ళద్దాల మేడమ్ ఒకరు నా పేరు పిలిచి, "సర్టిఫికెట్లు ఏవమ్మా?" అన్నారు.

"బాన్సువాడ పోయినయ్ మేడమ్."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు కాబట్టి తువ్వాల దగ్గర్నుంచి మీసాల దాకా మొత్తం చెప్పాను. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు గానీ, "ఐదు గంటల దాకా చూస్తం. తర్వాత నా చేతుల ఏం లేదు" అన్నారు. ఆ వరండాలో నేను గడియారాన్ని చూసినంతగా ఆ తర్వాత పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకును కూడా చూడలేదు.

ఐదుకు పది నిమిషాలుందనగా బాపు వచ్చాడు. ఒంటి నిండా దుమ్ము. ఫైలు తువ్వాలలో మూటకట్టి ఉంది. తప్పు చేసిన మనిషిలా వస్తాడనుకుంటే గెలిచినవాడిలా వచ్చాడు. "సూసినవా బిడ్డా! బాన్సువాడ దాంక బస్సు కిక్కిరిసిపోయిందట. ఒక ముసలవ్వ సుత నిలవడ్డదట. అయినా నీ సీట్ల ఒక్కలు కూసోలె. ఎవలో ఆడివిల్ల సదువు కాయితాలని అట్లనే ఇడిసిపెట్టిండ్రు. కాయితాలేస్తే ఎవ్వలు ముట్టరని నేను చెప్పలే?"

ఉద్యోగం వచ్చింది. కానీ తిరుగు బస్సులో నా కోపం చల్లారలేదు. "సదువు రానోనివి, నీకెందుకు బాపూ గీ పనులు? ఇంక నా ఎంట బస్టాండుకు రాకు" అన్నాను. "సరే తీ బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత రాలేదు. ఎన్నో రోజులు కామారెడ్డి దాకా నిలబడే పోయాను. రమ్మని పిలవడానికి జీతం వచ్చే మనిషికి పౌరుషం అడ్డొచ్చింది.

పెళ్ళయ్యాక కూడా మా కాపురం బాపు ఇంటికి రెండు సందుల అవతలే. నాకు కూతురు పుట్టాక ఆయన పొలం తగ్గించి దాని సేవలో పడ్డాడు. జడలు వేయడం కూడా నేర్చుకున్నాడు (ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవి). అది అక్షరాలు దిద్దే వయసులో ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి తాతామనవరాళ్ళ ముందు చెరొక పలక ఉంది. "తాతా, దీర్ఘం మర్సినవ్! మల్ల రాయి!" అని ఐదేళ్ళ పంతులమ్మ గద్దిస్తోంది. తాత వంకరటింకరగా 'కామారెడ్డి' అని దిద్దుతున్నాడు. అఆలు రాకుండానే నేరుగా కామారెడ్డికి పోయాడేమిటని నాకు నవ్వొచ్చింది. "తాతకు బస్సు మీది పేర్లే కావాల్నట అమ్మా" అంది నా కూతురు. నవ్వు ఆగిపోయింది. వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. తిరుగు బస్సులో అన్న ఆ మాట నేను ఎప్పుడో మరిచిపోయాను. బాపు మరిచిపోలేదు.

అప్పటికి మా ఆఫీసువాళ్ళం నలుగురం కలిసి కారు మాట్లాడుకుని, నేను బస్సెక్కి రెండేళ్ళయింది. ఆ ఆదివారం బాపుతో, "రేపు బస్సుల పోత. సీటు పట్టాలె" అన్నాను.

"నేను రావాల్నా?"

"నువ్వు రాకుంటే ఎవలు పడ్తరు బాపూ?"

సోమవారం ఆయన ఉతికిన తువ్వాల వేసుకుని వచ్చాడు. బస్సు ఆగాక డ్రైవర్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా బోర్డు ముందు నిలబడి, వేలితో చూపిస్తూ, బస్టాండంతా వినేటట్టు, "కా... మా... రె... డ్డి" అని చదివాడు. తర్వాత తువ్వాల కిటికీలోంచి వేశాడు. బస్సు సగం ఖాళీగా ఉంది. నేను బుద్ధిగా పోయి ఆ తువ్వాల మీదే కూర్చున్నాను.

బాపు పోయి ఏడాది కావస్తోంది. ఆ సోమవారం కిటికీలోంచి తువ్వాల తిరిగి ఇస్తూ క్షమించమని అడగాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. "ఎండ వడ్డది, ఇంటికి పో బాపూ" అని మాత్రం అన్నాను. ఆయన పోలేదు. కదిలిపోతున్న బస్సు వెనక బోర్డును ఇంకోసారి చదువుకుంటూ, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. ఆయన చిన్నగా అయ్యేదాకా నేను కిటికీలోంచి మెడ చాపి చూస్తుంటే కండక్టరమ్మ వచ్చి, "మేడమ్, సదువుకున్నోళ్ళే గిట్ల జేస్తె ఎట్ల? తల లోపట పెట్టుర్రి" అని కసిరింది. పెట్టుకున్నాను.