ధర్మవరం బల్ల మీద నా ఎలుకల డెక్కు

మా అన్న పరువు తీయాలని కాదు గానీ, ధర్మవరంలో ఆయన ఆడిన ఆటలన్నీ ఓడిపోయాడు. పక్కన కూర్చుని కళ్లారా చూసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆయన స్థానంలో నేనుంటే గెలిచేదాన్నని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు కాబట్టి పైకే అనేశాను. తర్వాత జరిగిందంతా ఆ మాట వల్ల జరిగిందే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది హిందూపురం. నాయనకు పరుపులు కుట్టే అంగడి ఉండేది. నేను డిగ్రీ చదువుతున్నాను. అన్న బెంగుళూరులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. ఒకసారి ఇంటికి వస్తూ వస్తూ కొత్త కార్డుల ఆట ఒకటి మోసుకొచ్చాడు. పేకాట కాదు. ప్రతి కార్డు మీదా లోకంలో ఎక్కడా లేని జంతువు బొమ్మ, దాని కింద దాని బలమెంతో, అది ఏం చేయగలదో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఎవరి కార్డులు వాళ్లే ముందుగా ఏరి, కట్ట కట్టుకుని రావాలి. ఆ కట్టను డెక్కు అనేవాళ్లం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చేతిలో కొన్ని కార్డులు పట్టుకుని, వంతుల ప్రకారం జంతువులను బల్ల మీదికి దించాలి. పెద్దదాన్ని దించే స్థోమత వంతు వంతుకూ కొంచెం కొంచెంగా చేకూరుతుంది. ఎదుటివాడికి ఇంతని ఇచ్చిన ప్రాణం సున్నా అయ్యేదాకా కొట్టాలి. మామూలు పేకాటలో అందరికీ ఒకటే కట్ట. ఇందులో సగం ఆట బల్ల దగ్గరికి రాకముందే, ఇంట్లో డెక్కు కూర్చుకునేటప్పుడే అయిపోతుంది. అందుకే నాకు అంత నచ్చింది.

మా వైపు ఈ ఆట ఆడేవాళ్లు గుప్పెడు మంది. వాళ్లంతా ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి మేడ మీద గదిలో చేరేవాళ్లు. అది కూడా అమావాస్య నాడే. ఆడేవాళ్లలో సగం మంది నేతగాళ్లు, అమావాస్యకు మగ్గం ఆపుతారు కాబట్టి వాళ్లకు అదే తీరిక. ఆ రోజు ఏ వారమైనా సరే మా అన్న వచ్చి పొద్దున ప్యాసింజరు ఎక్కేవాడు. నేనూ వస్తానని పట్టుబట్టి వెంట పోయేదాన్ని. పెనుకొండలో ఇంకో ఇద్దరు ఆటగాళ్లు మా పెట్టెలోనే ఎక్కేవాళ్లు. అక్కడి నుంచి ధర్మవరం దాకా ఒకటే వాదన, ఏ జంతువు గొప్పదని. వాళ్లందరి కంటే నాకే ఎక్కువ తెలుసు. అయినా గదిలోకి పోయాక నాకు దొరికేది అన్న వెనకాల ఒక స్టూలు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్నెవరూ పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు, ఆడతావా అని అడిగేవాళ్లూ కాదు.

ఆ బల్లకు పెద్దదిక్కు ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ల నేతగాడు. చీరలు చుట్టే పాలిథిన్ కాగితాన్ని కొలతగా కత్తిరించి ప్రతి కార్డుకూ తొడుగు వేసుకున్నాడు. ఆయన డెక్కులో అన్నీ వరస ప్రకారం పెరిగే జంతువులు. ముందు దూడ దిగాలి, దూడ మీద కోడె, కోడె మీద కొండంత ఆంబోతు. అంచు, ఒడలు, కొంగు అన్నట్టుగా ఒకదాని తర్వాత ఒకటి. వరస పూర్తయితే ఆయనను ఎవరూ ఆపలేరు. ఇవి కాక ఒకటి రెండు ఏనుగులు కూడా ఉండేవి, వాటికి ఈ వరసతో పనిలేదు.

ఒక అమావాస్య నాడు మా అన్న ఆయనతో ఆడుతూ, తెలిసి చేశాడో తెలియక చేశాడో, ఒక దూడను చంపాడు. అప్పుడు నేతగాడి చేతిలో ఏనుగు ఉంది, ఆట అయ్యాక ఆయన కార్డులు పరిస్తే చూశాను. దించితే ఆట అయిపోతుంది. ఆయన దించలేదు. చచ్చిన కార్డును వెనక్కి తెచ్చుకునే కార్డు ఒకటి ఉంటుంది, తన వంతంతా దానికే ఖర్చుపెట్టి దూడను తెచ్చుకున్నాడు. తర్వాతి వంతు మళ్లీ దాన్ని నిలబెట్టడానికే పోయింది. మా అన్నకు రెండు వంతులు ఊరికే దొరికాయి. అయినా ఓడిపోయాడు మహానుభావుడు.

"ఆ రెండు వంతులు నాకు దొరికుంటే నేను గెల్చేదాన్ని" అన్నాను.

అన్న నా కాలు తొక్కాడు. నేతగాడు మాత్రం కోపం తెచ్చుకోకుండా నావైపు తిరిగాడు.

"గెలుస్తావా పాపా? అయితే వచ్చే అమావాస్యకు నీ డెక్కు నువ్వు తెచ్చుకో. నాతో మూడాటలు. రెండు గెలిస్తే ఈ బల్ల కాడ నీకూ ఒక చోటుండాది. గెలవలేదనుకో, మీ అన్న ఎనకాల కూసోడానికి గూడా రావద్దు. సరేనా?"

"సరే" అన్నాను. ఆ నెలంతా నాకు ఇంకో ఆలోచన లేదు. ఆ గదికి పోలేకపోవడమనేది ఊహించుకుంటేనే ఏడుపొచ్చేది.

ఆయన మనిషి మాత్రం మంచివాడు. సవాలు విసిరినా, అన్నం తినకుండా పోవద్దని ఆ సాయంత్రం మమ్మల్ని ఇంటికి పిలుచుకుపోయాడు. నడవలోనే గుంత మగ్గం, దాని మీద సగం నేసిన వంకాయరంగు చీర. చేతులు కడుక్కోవడానికి పోతూ పోతూ ఆయన ఠక్కున ఆగాడు. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. మాకైతే చూపించినా కనపడేది కాదు. వంగి, వేలు తడిచేసుకుని, రెండు కొసలూ కలిపి పురి తిప్పడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అమావాస్య పొద్దు మగ్గం ముడతావేమప్పా! ఒక్క పొద్దు ఊరికే ఉండలేవా? వచ్చినోళ్లు ఆకలితో నిలబడుకోనుండారు."

"కండ్ల పడినాక ఎట్ల వదిలేదిమ్మా? తెగింది అట్లే ఉంటే నాకు అన్నం దిగదు."

మేము నిలబడే ఉన్నాం. అన్న ఆకలికి నన్ను చూసి మొహం మాడ్చాడు. నాకు మాత్రం ఆకలి ఎగిరిపోయింది. పొద్దున బల్ల మీద నేను చూసింది ఆటగాడి లెక్క కాదు, ఆయన తత్వమే అంత. ఏనుగు చేతిలో ఉన్నా దూడ తెగిపడితే ఆయన ముందుకు పోలేడు. ఆ రాత్రి బండిలోనే నా డెక్కు మనసులో తయారైపోయింది.

మరుసటి వారం అన్న బెంగుళూరు పోతుంటే పట్టుకున్నాను. కార్డులమ్మే అంగట్లో ఎవరికీ అక్కర్లేని చిన్నచిన్న జంతువులను ఒక డబ్బాలో పడేసి ఉంచుతారని ఆయనే చెప్పాడు. అందులో నుంచి ఎలుకలు, గబ్బిలాలు, కందిరీగలు ఎన్ని దొరికితే అన్ని తెమ్మన్నాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? ఎలుక బలం ఒకటి. గట్టిగా తుమ్మితే చస్తాది" అన్నాడు.

"చావనీ. చచ్చేలోపల దాని పని అది చేస్తాది."

ఎలుక పని ఏమిటంటే, అది బల్ల మీదికి దిగగానే ఎదుటివాడు చేతిలోని కార్డులన్నీ పరిచి చూపించాలి. వాటిలో నేను చూపించినదాన్ని పారేయాలి. గబ్బిలం దిగితే ఎదుటివాడి జంతువు ఒకటి తిరిగి వాడి చేతిలోకే పోతుంది, మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి. కందిరీగకు ఎవరూ అడ్డుపడలేరు, వంతు వంతుకూ కొంచెం కొంచెంగా కుడుతూనే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ ఆట గెలిపించేది కాదు. మూడూ కలిస్తే ఎదుటివాడికి ఏ పనీ సాగనివ్వవు.

మొదట కూర్చిన డెక్కు ఘోరంగా ఓడిపోయింది. అన్నకు ప్రాణమైన రెక్కల సింహాలను రెండింటిని అందులో పెట్టడమే కారణం. అంత పెద్దవి దించే స్థోమత వచ్చేలోపల నా ఎలుకలన్నీ చచ్చి, సింహాలు చేతిలోనే కూర్చునేవి. పీకి పారేశాను. అన్న రెండు రోజులు అలిగాడు. తర్వాత గబ్బిలాలు మరీ ఎక్కువయ్యాయి. వచ్చినవాటిని వచ్చినట్టే తరిమేస్తున్నాను గానీ కొట్టేవాళ్లు లేరు. నాలుగు తీసి కందిరీగలు వేశాను. అప్పుడు కుదిరింది. అన్న ఊళ్లో ఉన్నప్పుడల్లా మధ్యాహ్నం పూట అంగట్లో కుట్టిపెట్టిన పరుపుల దొంతి మీద కూర్చుని ఆడేవాళ్లం. దూది నలుసులు పడి కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయేవి.

ఒకరోజు నాయన సూది పక్కన పెట్టి వచ్చాడు.

"పేకముక్కలు అంగట్లోకి తెచ్చినావేం పాపా? గిరాకీ చూస్తే ఏమనుకుంటాది?"

"పేక కాదు నాయనా."

నమ్మలేదు. నా చేతిలోవి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "రాజేడీ? రాణేదీ?"

"ఇందులో రాజుల్లేరు. ఎలుకలుండాయి."

నాయన నవ్వాడు. ఆట ఎట్లా ఆడతారో అడిగి చెప్పించుకున్నాడు. అంతా విని, "అంటే వాని చేతిలోది గుంజి పారేసేదేనా నీ ఆట? నువ్వు కట్టేదేమీ లేదా?" అన్నాడు.

"వాడు కట్టకుండా చేస్తే చాలు నాయనా, నేనేం కట్టక్కర్లేదు."

"అచ్చం మీయమ్మ పోలికే" అని మళ్లీ సూది అందుకున్నాడు.

అమావాస్య వచ్చింది. ఆ రోజు గదిలో మిగతా ఆటలు ఎవరూ మొదలుపెట్టలేదు, అందరూ మా చుట్టూ మూగారు. స్టూలు మీద అన్న కూర్చున్నాడు, అన్న కుర్చీలో నేను.

మొదటి ఆట ఓడిపోయాను. తప్పంతా నాదే. ఎలుక దిగగానే నేతగాడు చేతిలోవి పరిచాడు. అందులో ఆంబోతు కొండలా కనిపించేసరికి, నెలరోజులు అనుకున్నదంతా మరిచిపోయి దాన్నే పారేయించాను. ఆయన కళ్లు కూడా ఆర్పలేదు. ఆంబోతు వరసలో చివరిది కదా, ఇంకా నేయని కొంగు పోతే ఆయనకేం బాధ? నింపాదిగా దూడ, కోడె దించి, డెక్కులో నుంచి ఇంకో ఆంబోతు తెచ్చి తొక్కించేశాడు. అన్న వెనక నుంచి "చెప్తే ఇనవు" అని గొణిగాడు. నేను తిరిగి చూసిన చూపుకు స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

రెండో ఆటలో ఆంబోతు వంక చూడనే లేదు. దూడను పారేయమన్నాను. నేను అనుకున్నట్టే ఆయన చేయి ఆగింది. వంతంతా పెట్టి దూడను వెనక్కి తెచ్చుకున్నాడు. దించాడు. నేను గబ్బిలాన్ని వేసి దాన్ని తిరిగి చేతిలోకి పంపాను. మళ్లీ దించాడు. ఈలోపల నా కందిరీగలు కుట్టి కుట్టి ఆయన ప్రాణం తోడేశాయి. గెలిచాను. పెనుకొండ వాళ్లిద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

మూడో ఆటకు నేతగాడు కార్డులు చాలాసేపు కలిపాడు. ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలిసిపోయింది. నా ఎలుక దిగింది. ఆయన చేతిలోవి పరిచాడు. దూడ, కోడె, ఏనుగు, పోయినదాన్ని తెచ్చుకునే కార్డు. నేను దూడ మీద వేలు పెట్టాను.

"మళ్లా అదేనా?" అని నవ్వాడు.

"మళ్లా అదే అన్నా."

ఈసారి ఆయన దూడ జోలికి పోకుండా పళ్లబిగువున ఆగాడు. కొన్ని వంతులు గడిచాయి. ఆయన కోడె ఎక్కడానికి దూడ లేక చేతిలోనే ఉండిపోయింది. నా కందిరీగలు రెండు కుడుతున్నాయి. ఏనుగును దించేంత స్థోమత ఆయనకు అప్పటికి చేకూరింది. అది దిగితే నా చిల్లర జంతువులన్నీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోతాయి, తర్వాత నేను లేవలేను. చుట్టూ ఉన్నవాళ్లు ఆగలేకపోయారు. "ఏనుగు దించప్పా! దించు!" అని ఒకటే గోల. ఆయన వేళ్లు ఏనుగు మీదికి పోయాయి. అక్కడి నుంచి పక్కనున్న, పోయినదాన్ని తెచ్చుకునే కార్డు మీదికి పోయాయి. మళ్లీ ఏనుగు మీదికి వచ్చాయి. ఇక ఈ గదిలోకి రానేమో, ఈ మేడమెట్లు ఇదే ఆఖరుసారి ఎక్కానేమో అనుకున్నాను.

"నువ్వేం చేస్తాండావో నాకు తెలుసు పాపా" అన్నాడు.

"తెలిస్తే ఏనుగును దించన్నా" అన్నాను. నా నోటికి నేనే భయపడ్డాను.

ఆయన ఏనుగు వంక ఇంకొకసారి చూశాడు. తర్వాత ఆ పక్క కార్డు తీసి బల్ల మీద పెట్టి, పారేసిన వాటిలో నుంచి దూడను వెతికి చేతిలోకి తీసుకున్నాడు. పాలిథిన్ తొడుగు చెదిరితే సరిచేశాడు కూడా.

"తెల్సు. అయినా తెగింది అట్ల పడుండంగ ఇంగోటి ఎత్తుకోలేను" అన్నాడు.

నా వంతు వచ్చింది. మూడో కందిరీగను దించి, మూడింటితో కుట్టించాను. ఆయన ప్రాణం సున్నా.

అన్న నా వీపు మీద కొట్టిన దెబ్బకు బల్ల మీది కార్డులన్నీ చెదిరిపోయాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను మాత్రం నేతగాడి నోటి వైపే చూస్తున్నాను. ఆయన కార్డులు ఏరుకుంటాడు, అంచులు సరిచూస్తాడు, కట్ట కడతాడు. మాట తప్పుతాడేమోనని నాకు ఒళ్లు మండిపోయింది. అడిగేద్దామని నోరు తెరిచేలోపల ఆయన నన్ను దాటి వెనక ఉన్న మా అన్నను చూశాడు.

"వచ్చే అమావాస్యకు నీకు సెలవు దొరుకుతాదా?"

"చెప్పలేనన్నా. మా ఓనరు ఈ మధ్య ఊరికే కసురుకుంటాండాడు."

"దొరక్కపోతే నువ్వు బెంగుళూర్లోనే ఉండు. పాప వస్తాది" అన్నాడు.

వస్తానని నేనే చెప్పాను, కింద చీరల అంగట్లో ఉన్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా.