పనివాడి గొంతు

మా నాటకం సారు పనివాడి మాటలు చదివే ముందు కళ్లజోడును ముక్కు కొసకు జార్చేవారు. అది చూడగానే మేం నవ్వడానికి సిద్ధమయ్యేవాళ్లం.

ఆయనా మేమూ కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డవాళ్లమే. మాకు పాఠంగా ఉన్న పాత నాటకంలో జమీందారు మాటలకు సారు గొంతు ఖంగుమనేది. పనివాడి మాటలు మాత్రం అచ్చం మా వెనక బెంచీ నల్గొండ అబ్బాయి యాసలో వచ్చేవి. చదవడం అయ్యాక కళ్లజోడు సర్దుకుని, “రచయితకి పేదవాడంటే ఎంత చిన్నచూపో గమనించారా?” అనేవారు. నిజంగానే బాధపడేవారు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. క్యాంపస్‌లో బాష్పవాయువు కమ్మినప్పుడు ఆ అబ్బాయికి తన రుమాలు తడిపి ఇచ్చింది కూడా ఈ సారే.

ఆ వారమే, పనివాడి పాత్ర మీద ఆ అబ్బాయి తన యాసలోనే రాసిన వ్యాసం సారు చేతికొచ్చింది. కళ్లజోడు జారింది.

“పనోడు నోరు తెరిస్తే చాలు, దొరలు నవ్వుతరు. వాడేం చెప్పిండో ఎవ్వలు ఇనరు...”

చివరిదాకా పనివాడి గొంతుతోనే చదివారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. సారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

“బాగుందయ్యా. ఇంతకీ ఏం చెప్పదలుచుకున్నావు?”

ఆ అబ్బాయి లేచి నిలబడ్డాడు.

“గదే సార్. గిప్పుడు మీరు చదివిందే.”

ఆ మాటకీ నవ్వాం.