ఆకుపచ్చ గిట్టని మనిషి

నారింజాయనకి ఆకుపచ్చంటే గిట్టదు. పటాలు గీసే ఆఫీసులో ఉంటూ ఆకుపచ్చ గిట్టకపోవడమంటే, వంటవాడికి ఉప్పు గిట్టకపోవడమే.

ఊరి పటంలో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్న వీధులకి ఒక రంగు, పసిపిల్లలున్న వీధులకి ఇంకో రంగు, ఇద్దరూ ఉన్నచోట రెండూ కలిసి మూడో రంగు. ఆ మూడో రంగు చూసే, మందుల బండి ముందు ఎటు వెళ్లాలో పెద్దాఫీసరు తేల్చేవాడు. ఎవరెంత మొత్తుకున్నా ఈయన వేసేవి నీలం, నారింజ. ఆ పేరు అలా వచ్చిందే.

"లోకమంతా ఎరుపూ ఆకుపచ్చా వేస్తుందయ్యా, నీకేం రోగం?" అనేవాడు పెద్దాఫీసరు.

"కళ్లు మండుతాయండి."

"మరి చెట్లో?"

"తల దించుకుని నడుస్తానండి."

ఆఫీసంతా పడీ పడీ నవ్వేది. ఒకసారి ఎవరో ఆయన కుర్చీ మీద ఆకుపచ్చ తువ్వాలు పరిస్తే, సాయంత్రందాకా నిలబడే పని చేశాడు.

ఆయన రిటైరవుతుంటే, ఇంకో ఏడాది ఉంచుకుందామని అందరూ అడిగారు. పెద్దాఫీసరు ఒప్పుకోలేదు. "రంగు మీద పగబట్టినవాడితో పటాలేమిటి?" అన్నాడు. వీడ్కోలు సభలోనూ అదే మాట అని చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి ఎరుపూ ఆకుపచ్చా వేసిన పటం తెచ్చి పెద్దాఫీసరు ముందు పెట్టింది.

"ఏమ్మా, ఊరంతా ఒకటే రంగు పులిమావేం?"

"లేదు సార్. ఇది ఎరుపు, ఇది ఆకుపచ్చ." పక్కనున్న గుమాస్తా కూడా తలూపాడు.

పెద్దాఫీసరు పటాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు, అప్పుడూ ఒకటే రంగు. తన కళ్లకి ఆ రెండు రంగులూ ఒకటేనన్న సంగతి ఇన్నేళ్లూ తనకే తెలియదు. తెలిసిన ఒక్క మనిషినీ నలుగురిలో నవ్వులపాలు చేసి సాగనంపాడు. మనసు చివుక్కుమంది. సాయంత్రం సరాసరి నారింజాయన ఇంటికి వెళ్లాడు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"మొదటి మీటింగులో మీరు ఎర్ర వీధుల మీద వేలుపెట్టి, ఆకుపచ్చ వీధులన్నారండి. వెనక ఇద్దరు నవ్వాపుకున్నారు. అప్పట్నుంచే నాకు ఆకుపచ్చ గిట్టకుండా పోయింది."

"తప్పు నాది. మళ్లీ రండి."

"ఆ కుర్చీ మీ సంతకంతోనే నిండిపోయిందిగా సార్. ఆ పిల్లకి నీలం, నారింజ చెప్పండి, చాలు."

అంతలో కాఫీ తెచ్చిన ఇల్లాలు అందుకుంది.

"మీరన్నా చెప్పండి అన్నయ్యగారూ! గోడలు, తలుపులు, ఆఖరికి చీపురుపిడి కూడా ఆకుపచ్చేనా? ఈయనకిదేం పిచ్చండీ?"

పెద్దాఫీసరు ఇల్లంతా కలయజూశాడు. ఆ ఆకుపచ్చ ఎక్కడుందో ఆయనకి అంతుపట్టలేదు.

"చాలా బాగుందమ్మా" అన్నాడు, మనస్ఫూర్తిగా.